మూడో గిన్నె

తలుపు తీయగానే వాసవికి రమ్ము వాసన గుప్పున కొట్టింది. ఇన్నేళ్ల కాపురం తర్వాత ఆ వాసనను పోల్చుకోవడానికి ఆమెకు ఎవరి సాయమూ అక్కర్లేదు. అశోకా రోడ్డు ఆఫీసు నుంచి నోయిడా దాకా మెట్రోలో నిలబడి వచ్చిన మనిషి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే ఆగిపోయింది.

భర్త మల్లికార్జున తాగుడు మానేసి ఏడాది దాటింది. చుట్టాలకు అది శుభవార్త. వాసవికి మాత్రం ప్రతి సాయంత్రమూ ఓ గండమే. అందులోనూ రేపు కూతురు తేజశ్రీ స్నేహితురాళ్లు ఇంటికి వస్తున్నారు. తండ్రి తాగే రోజుల్లో ఆ పిల్ల ఒక్కరినీ గడప తొక్కనివ్వలేదు. ఇన్నాళ్లకు ధైర్యం చేసి పిలుచుకుంది. సరిగ్గా ఇవాళే మొదలుపెట్టాలా ఈ మహానుభావుడు!

వంటింట్లో తేజశ్రీ ఒక్కతే ఉంది. ముక్కు మీద కోకో పొడి, చేతిలో గరిటె.

"అమ్మా, దేఖో నా! హాట్ ఫడ్జ్ సాస్. నాన్నా నేనూ చేశాం, రేపు ఐస్‌క్రీమ్ మీదికి."

మానేశాక మల్లికార్జునకు పట్టిన కొత్త పిచ్చి ఈ వంట. పొద్దుగూకితే అతని చేతులు ఊరుకోవు, నాలుక తీపి అడుగుతుంది. అందుకని జన్మలో గరిటె పట్టని మనిషి క్రీమూ వెన్నా బెల్లమూ సన్న సెగన కరిగించి, కోకో, చాక్లెట్ ముక్కలు వేసి, గరిటె నుంచి జారీ జారనట్టు అయ్యేదాకా ఓపిగ్గా కలుపుతాడు. గట్టు మీద రెండు గిన్నెలు చల్లారుతున్నాయి. ఒకదాంట్లో ఫిల్టరు కాఫీ డికాక్షన్ కలిపారు, ఇంకోదాంట్లో కమలాపండు తొక్క తురిమి వేశారు. మూడోది ఇంకా పొయ్యి మీదే ఉంది.

"మీ నాన్న ఏరే?"

"బాల్కనీలో. బయటి నుంచి గడియ పెట్టుకున్నారు. ఎందుకో ఏమో, పతా నహీ."

నవంబరు కాలుష్యపు పొగకు భయపడి నోయిడా అంతా కిటికీలు బిగించుకుని కూర్చుంటే, ఈయన ఆ పొగలో నిలబడ్డాడంటే కారణం ఒక్కటే అయ్యుంటుంది.  వాసవి తిన్నగా బియ్యం డబ్బా మూత తీసి మోచేతి దాకా చెయ్యి పెట్టింది. ఒకప్పుడు సీసా అక్కడే దొరికేది. లేదు. బాత్రూంలో ఫ్లష్ ట్యాంకు మూత ఎత్తింది. అక్కడా లేదు. తిరిగి వచ్చేసరికి తేజశ్రీ గరిటె కింద పెట్టి చూస్తోంది. తల్లి దేనికోసం వెతుకుతోందో చెప్పాల్సినంత చిన్నపిల్ల కాదు.

"అమ్మా, అది ఎసెన్స్," అని ఓ బుల్లి సీసా చూపించింది. "కేకుల్లో వేస్తారే, అది. ఇందులో మందు లేదు. రమ్ అండ్ రైజిన్ ఫ్లేవర్ అంటే నా ఫ్రెండ్స్‌కి ఇష్టమని, మూడో గిన్నెలోకి నేనే తెచ్చా. నాన్న ముట్టుకోను కూడా లేదు."

వాసవికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. చేతికంటిన బియ్యపు పిండి తుడుచుకుంటూ వెళ్లి బాల్కనీ తలుపు తట్టింది. మల్లికార్జున గడియ తీసి మళ్లీ రెయిలింగు పట్టుకున్నాడు. పొగకు కళ్లు ఎర్రబడ్డాయి.

"తప్పయిపోయిందండీ. నేను ఏదో అనుకుని..."

"డబ్బా మూత చప్పుడు వినపడిందిలే," అన్నాడు. కోపం లేదు గొంతులో. "నువ్వెందుకు తప్పనుకోవటం? మందు లేదని నాకు తెలీదా వాసూ? నా ఎదురుగానే మూత తీసింది పిల్ల. రెండు చుక్కలు వేసిందో లేదో, నోట్లో నీళ్లూరినయ్. గిన్నె ఎత్తి తాగేద్దామనిపించింది. పిల్ల నా మొహం చూస్తదేమోనని ఇట్టా వచ్చి నిలబడ్డా."

సీసా దొరికి ఉంటే వాసవి తిట్టేది, ఏడ్చేది, ఆ పని ఆమెకు బాగా తెలుసు. దీనికి ఏం చెయ్యాలో తెలియలేదు. భయమేసింది.

వెనక గుమ్మంలో తేజశ్రీ నిలబడి ఉంది. అంతా విన్నది. గబగబా లోపలికి పోయింది. ఆ వెనకే సింకులో నీళ్ల చప్పుడు, పీచు పెట్టి గిన్నె రుద్దుతున్న చప్పుడు. చాలాసేపు రుద్దింది. తర్వాత లోపలి నుంచే కేకేసింది.

"మూడోది పారబోసి కడిగేశా నాన్నా! ఆ జావో, లోపలికి వచ్చేయ్!"

మల్లికార్జున కదల్లేదు. "నువ్వెళ్లి చూసి రా వాసూ. వాసన పోయిందేమో."

వాసవి వెళ్లింది. గిన్నె తళతళలాడుతోంది. తేజశ్రీ తడి చేతులతో తల్లి మొహంలోకే చూస్తోంది. సబ్బు వాసన కింద, చాక్లెట్ వాసన కింద, ఆ రమ్ము వాసన అలాగే ఉంది. పోయిందని చెప్పేస్తే ముగ్గురూ అన్నానికి కూర్చోవచ్చు. చెప్పేయాలనే అనిపించింది.

బాల్కనీలోకి తిరిగి వచ్చింది.

"లేదండీ. ఇంకా ఉంది."

అతను తల ఊపాడు. వాసవి తలుపు దగ్గరగా వేసి, పొగ పడకుండా కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, అతని పక్కనే నిలబడింది.