మెడ వెనక చిప్ప

నేను ఒక కొబ్బరి చిప్పను. నా పేరెత్తితే మీకు నవ్వొస్తుంది. ఎవడైనా చితికిపోతే చేతికి చిప్ప వచ్చిందంటారు. జైలుకు పోతే చిప్పకూడంటారు. మీకు నేనేం చేశానో మాత్రం ఎవరూ చెప్పరు. నాలోని కొబ్బరి పచ్చడి చేసుకు తిన్నవాళ్లు కూడా చెప్పరు.

పచ్చడి అయ్యాక మంగలి తాతబ్బాయి నన్ను పారెయ్యనివ్వలేదు. గాజుపెంకుతో గీకి పీచు తీశాడు. ఆముదం రాసి ఎండలో పెట్టాడు. మళ్లీ రాశాడు. నల్లగా, నున్నగా తేలాను. ఆ నాటి నుంచి గోదావరి లంకలో ఆయన సెలూనులో నీళ్లు పట్టడం నా పని. బ్రష్షు నాలో ముంచి గడ్డాలు తడిపేవాడు. పెద్దకాపు గడ్డమైనా, కూలి గడ్డమైనా అవే నీళ్లు.

కొబ్బరి చెట్లెక్కి దింపులు తీసే అబ్బులు ఆయనకు చిన్ననాటి నేస్తం. వరదొచ్చినప్పుడు ఇద్దరూ ఒకే దూలం పట్టుకుని బతికారట. అబ్బులు ఇంకో మంగలికి మెడ వంచి ఎరగడు.

ఆ అబ్బులు ఫోను కొన్నాడు.

కొబ్బరాకుల కింద తెల్లదోమ పట్టిన ఏడాది అది. ఆ దోమని విమానంలో తెచ్చి చల్లారన్నాడు అబ్బులు.

"ఎవర్రా?" అన్నాడు తాతబ్బాయి.

"ఆళ్లే."

"ఆళ్లంటే?"

"పేరు సెప్తే ఫోను ఇంటది."

"మన లంకలో దోమలకి విమానం కూడానా! బస్సే లేదు గదరా మనకి!"

సెలూనంతా నవ్వింది. అబ్బులు నవ్వలేదు. అక్కడ ఆగి ఉండాల్సింది తాతబ్బాయి. ఆగలేదు. వచ్చిన ప్రతివాడికీ ఆ విమానం సంగతి చెప్పి నవ్వించాడు. అబ్బులు మాత్రం ఫోనులో ఇంకా లోతుకి దిగాడు. ఉప్పులో మందు కలిపారన్నాడు. తరవాత మనుషుల ఒంట్లో చిప్పులు పెడుతున్నారన్నాడు. బియ్యపు గింజంత ఉంటాయట. పెట్టినవాడు ఎంత దూరాన ఉన్నా మన బుర్ర తిప్పుతాడట.

ఒకనాడు పొద్దున్నే అబ్బులు తల వంచుకుని కుర్చీలో కూర్చున్నాడు. మెడ మీద వెంట్రుకలు గీకాలి. బల్ల మీద చోటు లేక తాతబ్బాయి నన్ను కుర్చీ వీపు చెక్క మీద, సరిగ్గా అబ్బులు మెడ వెనక పెట్టాడు. నీళ్లు ఒలుకుతాయని ముందే హెచ్చరించాడు.

"మెడెనకాల చిప్పెట్టాను. కదలమాక."

మావాళ్లు మాటకి మాట అతికించి మధ్య అక్షరం మింగేస్తారు. చిప్ప పెట్టినా చిప్పెట్టడమే, చిప్పు పెట్టినా చిప్పెట్టడమే.

అబ్బులు ఎగిరి లేచాడు. మెడకి ఆనించిన కత్తి దిగింది. నేను కింద పడ్డాను. తాతబ్బాయి నన్ను ఎత్తి చూపించాడు. "ఒరే, ఇదిరా! ఈ చిప్పరా!"

"దొరికిపోయాక గిన్నె సూపిత్తన్నావా? నువ్వు కూడా ఆళ్ల మనిషివేనా, తాతబ్బాయీ?"

నెత్తురు తుడవనివ్వకుండానే వెళ్లిపోయాడు.

చిప్పుని బయటికి లాగుతుందని ఫోనులో ఎవరో చెబితే గాయానికి సున్నం, బట్టలసోడా కలిపి పట్టించాడు. మెడ కుళ్లింది. గడ్డ లేచింది. జ్వరం మొదలైంది. ఆసుపత్రి పేరెత్తితే మంచం పట్టె పట్టుకుని అరుస్తున్నాడట, ఆసుపత్రోళ్లు కూడా ఆళ్లేనని. భార్య అమ్మాజీ సెలూనుకి వచ్చి తాతబ్బాయి కాళ్ల దగ్గర కూలబడింది.

"మనిషి దక్కేలా లేడన్నయ్యా. నువ్వే పెట్టానని ఒప్పుకో. తీసేత్తానని సెప్పు. నీ మాటైతే ఇంటాడు."

"పెట్టనిది పెట్టానని ఎలా సెప్పనమ్మా? ఊళ్లో తలెత్తుకోగలనా?"

"నీ తల ఉంటది గదా. ఆయనదే పోద్ది."

ఆవిడ వెళ్లింది. తాతబ్బాయి కత్తి మొనతో నా అంచు మీద గింజంత ముక్క లేపాడు. నొప్పేసిందా అని నన్నెవరూ అడగలేదు. ఇద్దరం అబ్బులు ఇంటికి వెళ్లాం.

తాతబ్బాయి నాలో వేడినీళ్లు పోసి గడ్డ కడిగాడు. కాసేపు మెడ మీద వేళ్లు ఆడించి ఆ ముక్క చూపించాడు.

"ఇదిగో. నేనే పెట్టాను. తీసేశాను. దీని వేర్లు లోపలుండిపోయాయి. ఆసుపత్రిలో సూదేయించుకుంటేగానీ సావవు."

"ఆసుపత్రోళ్లు ఆళ్లే గదా?"

"ఈ రేవవతలి ఆసుపత్రి ఆళ్లది కాదు. నాకు తెలుసు."

"నీకెలా తెలుసు?"

తాతబ్బాయి ఆ ముక్కని అబ్బులు అరచేతిలో పెట్టాడు. "నేను ఆళ్ల మనిషినే గదరా."

అబ్బులు నమ్మాడు. దూలం పట్టుకున్న రోజు కూడా అంత గట్టిగా నమ్మి ఉండడు. పడవెక్కి ఆసుపత్రికి వెళ్లాడు. గడ్డ కోయించుకున్నాడు. బతికాడు.

దిండు పక్కన అబ్బులు ఫోను ఆ మాటలన్నీ రికార్డు చేస్తున్న సంగతి మాకు తెలియదు. తాతబ్బాయి ఒప్పుకున్న మాట లంకలన్నీ తిరిగింది. జనం సెలూను తడికలు పీకారు. కత్తులు గోదాట్లో పారేశారు. తాతబ్బాయి గుంపులో ఉన్న అమ్మాజీ వైపు చూశాడు. "సెప్పమ్మా. నువ్వే గదా అడిగావు."

అమ్మాజీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఇప్పుడిప్పుడే కోలుకుంటన్నాడన్నయ్యా. కాదంటే మళ్లీ మొదలవుద్ది."

అందరినీ ఆపినవాడు అబ్బులే. మెడకి కట్టుతో ముందుకొచ్చి తాతబ్బాయి భుజం మీద చెయ్యేశాడు. "కొట్టకండి. సిన్నప్పటి నేస్తం. డబ్బు సూపించి లొంగదీసుంటారు. నేను సెమించేశాను."

జనం కళ్లు తుడుచుకున్నారు. తాతబ్బాయి ఆ చెయ్యి దులిపెయ్యలేదు.

ఇప్పుడాయన కొబ్బరికొట్టులో పీచు ఒలుస్తున్నాడు. ఆయన చేతికి మెడ వంచేవాడు లేడు. నన్ను కొట్టు వెనక చిప్పల గుట్ట మీదకి విసిరాడు. మమ్మల్ని బొగ్గుకి అమ్ముతారు. లారీ రావాలి. నాలోంచి లేపిన గింజంత ముక్క మాత్రం అబ్బులు ఇంట్లో సీసాలో ఉంది. దాన్ని చూడ్డానికి పక్క లంకల నుంచి కూడా పడవలు కట్టించుకుని వస్తున్నారు.