ఇతర వివరాలు

"మీ చెల్లెలు వచ్చాక ఈ ఇల్లు ఇల్లులా ఉంది" అన్నాడు భర్త, ఇస్త్రీ చొక్కాకి గుండీలు పెట్టుకుంటూ. పొగడ్త ఎవరికో, దెప్పు ఎవరికో రెండూ ఆమెకు అర్థమయ్యాయి. పద్నాలుగేళ్ళుగా ఆమె తోమిన గిన్నెలూ, మడిచిన బట్టలూ, ఊడ్చిన మూలలూ ఆ ఒక్క మాటతో కొట్టుకుపోయాయి. అయినా కోపం రాలేదు. కోపం రావాలంటే కాస్తయినా న్యాయం తన వైపు ఉండాలి. ఆమె మొహం కడుక్కుని వచ్చేసరికే టీ సిద్ధంగా ఉంది, కూతురికి జడలు వేయడం అయిపోయింది. గడియారంలో ఏడుంపావు. ఆరు నెలల కిందట ఈ వేళకి ఆమె రెండు గంటల చాకిరీ ముగించి ఉండేది.

చెల్లెలు వంటగది గుమ్మం పక్కన, గోడకి ఆనుకోకుండా నిలబడి ఉంది. కూర్చోమంటేనే కూర్చుంటుంది. మంచినీళ్ళకి కూడా "తాగనా అక్కా?" అని అడుగుతుంది. పొద్దున ఐదింటికి లేచి, దుప్పటి అంచుకి అంచు కలిపి మడిచి, ఎవరో వచ్చి లెక్కపెట్టుకుని వెళ్ళాలన్నట్టు మంచం పక్కన కాసేపు నిటారుగా నిలబడుతుంది. ఆ తర్వాతే పనిలోకి దిగుతుంది. చిన్నప్పుడు ఇంటిల్లిపాదీ దాన్ని వసపిట్ట అని పిలిచేవాళ్ళు. నోరు మూయించడానికి తాతయ్య దాని చేతిలో బెల్లం ముక్క పెడితే, అది నములుతూ కూడా మాట్లాడేది.

వసపిట్ట ఒక సహకార సంఘం ఆఫీసులో గుమాస్తాగా చేరింది. మేనేజరు చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. డబ్బు తిన్నది మేనేజరు. సంతకాలు దానివి కాబట్టి జైలు దానికి వచ్చింది. రెండేళ్ళయ్యాక, మిగిలిన ఏడాది ప్రొబేషన్ మీద బయట ఉండవచ్చన్నారు. సొంతవాళ్ళెవరైనా బాధ్యత తీసుకోవాలన్నారు. అక్క తీసుకుంది. అందుకు ఆమె నెలనెలా ఒక కాగితం నింపి ప్రొబేషన్ ఆఫీసులో ఇవ్వాలి. అందులో పన్నెండు ప్రశ్నలుంటాయి. నిద్రలేమి ఉందా, ఉలికిపాటు ఉందా, మనుషులంటే భయముందా. ప్రతిదానికీ ఎదురుగా అవును, లేదు అని రెండు గళ్ళు. అడుగున 'ఇతర వివరాలు' అని నాలుగు ఖాళీ గీతలు, ఆ కింద బాధ్యురాలి సంతకం.

మొదటి నెల ఆమె 'అవును' దగ్గర పెన్ను ఆనించింది. "మెంటల్ అని ఒకసారి కాగితం మీదకెక్కిందా, చచ్చేదాకా వదలదు. ఆడపిల్ల చదువుకుంటున్న ఇల్లు" అన్నాడు భర్త. అత్తగారు తళతళలాడే గిన్నెను ఎత్తి చూపించింది. "దీనికి జబ్బేమిటే? బుద్ధొచ్చింది. ఇన్నేళ్ళకి నా మొహం నాకు గిన్నెలో కనిపించింది" అంది. ఆమె 'లేదు' అని గీత పెట్టింది. వాళ్ళు పెట్టించారు అనుకుంటే మనసుకి సుఖంగా ఉండేది. కానీ ఆ రాత్రి పడుకునే ముందు ఆమె అలారం తీసేసింది. అది ఎవరూ తీయించలేదు. తెల్లారి వంటగదిలో గిన్నెల చప్పుడు వినిపిస్తుంటే ఆమె దుప్పటి తల మీదకి లాక్కుని పడుకుంది. పెళ్ళయ్యాక మొదటిసారి అంత హాయిగా నిద్రపోయింది.

ఆమె పనిచేసేది కళ్ళద్దాల దుకాణంలో. అద్దాలు పడతాయేమోనన్న భయంతో బోర్డు మీది అక్షరాలు ముందే బట్టీపట్టి గడగడా అప్పజెప్పేవాళ్ళు రోజుకొకరైనా వస్తారు. ఇంతకుముందు వాళ్ళని చూసి నవ్వుకునేది. ఈమధ్య తలదించుకుంటోంది.

పోయిన ఆదివారం అందరూ పెళ్ళికి వెళ్ళారు. చెల్లెల్ని తీసుకెళ్ళలేదు. "నలుగురూ అడుగుతారు" అన్నాడు భర్త. ఆమె చెప్పులు వేసుకుంది. తిరిగొచ్చేసరికి చెల్లెలు పడుకునే వెనక గది తలుపు మూసి ఉంది. గాలికి పడింది, అంతే. తాళం వేసి లేదు, గొళ్ళెమూ పెట్టి లేదు. తోస్తే తెరుచుకుంది. లోపల చెల్లెలు నిలబడి ఉంది. చీర తడిసి ఉంది, పాదాల దగ్గర నేల కూడా తడిగా ఉంది. "గొళ్ళెం పెట్టే లేదు కదా పిన్నీ, నెట్టాల్సింది" అంది కూతురు. చెల్లెలు ఆ పిల్ల వైపు చూసి, "ఎవరూ తీయలేదమ్మా" అంది. తర్వాత కొంగుతో నేల తుడవబోయింది.

మర్నాడు ఆమె దుకాణం వెనక నుంచి కౌన్సెలింగ్ కేంద్రానికి ఫోన్ చేసింది. "ఇంటి ఫోన్లు ఇంట్లో చేసుకోవాలమ్మా" అన్నాడు యజమాని. అవతలివాళ్ళు ప్రొబేషన్ ఆఫీసు రాసి పంపితేనే చూస్తామన్నారు. ఇవాళ భోజనం వేళ చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకి వెళ్ళింది.

ఆఫీసరు నడివయసు మనిషి. ఫైలు విప్పి ఐదు కాగితాలూ పేకముక్కల్లా బల్ల మీద పరిచింది.

"అరవై గళ్ళమ్మా. అరవైలోనూ 'లేదు' అనే ఉంది. ఈ రాత మీదేనా?"

"నాదే."

"ఉన్నది ఒక్క డాక్టరు. ఏమీ లేదని సొంత అక్కే రాసిన మనిషిని ఆవిడ దగ్గరికి ఎలా పంపను? ఈ నెల కూడా ఇలాగే వస్తే డాక్టరు చూడాల్సినవాళ్ళ జాబితాలోంచి పేరు తీసేస్తారు."

రాస్తే మళ్ళీ లోపలికి పంపేస్తారని భయపడ్డానని ఆమె చెప్పింది. మనసు బాగాలేదని ఎవర్నీ జైలుకి పంపరని, అందరూ ఈ మాటే అంటారని ఆఫీసరు అంది. కోపంగా అని ఉంటే తేలిగ్గా ఉండేది. అలసటగా అంది. భయం నిజమే. కానీ ఆ భయం చాటున తాను ఏడింటిదాకా పడుకున్న మాట ఆఫీసరుకి తెలియదు.

"ఇప్పుడు మార్చి రాస్తే నేను ఇంటికొస్తాను. ఎవరెక్కడ పడుకుంటారు, ఎవరేం పనిచేస్తారు, అన్నీ అడుగుతాను. ముందువి ఎందుకలా రాశారో కూడా మీరు రాసివ్వాలి" అంటూ ఆఫీసరు ఆరో కాగితం ముందుకు జరిపింది.

భర్త మొహం, అత్తగారి గిన్నె ఆమె కళ్ళముందు మెదిలాయి. ఈ ఒక్క కాగితమైనా దాని చేతే రాయిద్దామనుకుంది. అలా చేస్తే తన చేతికి మట్టి అంటదని కూడా అనుకుంది. కాగితం, పెన్ను చెల్లెలి ముందు పెట్టి, "నువ్వే రాయవే" అంది.

చెల్లెలు వెంటనే పెన్ను అందుకుంది. ప్రశ్నల వంక చూడనైనా చూడలేదు. పెన్ను మూత తీసి, నమ్మకంగా తలెత్తింది.

"సంతకం ఎక్కడ పెట్టాలి అక్కా?"

ఆఫీసరు కిటికీ వైపు చూసింది. చెల్లెలి చేత సంతకాలు పెట్టించిన ఆ మేనేజరు మొహం ఎలా ఉంటుందో అక్క ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూడక్కర్లేదనిపించింది. చెల్లెలి వేళ్ళు ఒక్కొక్కటే విప్పి పెన్ను తీసుకుంది. పన్నెండు గళ్ళలో తొమ్మిదింటికి 'అవును' పెట్టింది. తలుపు సంగతి రెండు గీతల్లో రాసింది. ఇక రెండే గీతలు మిగిలాయి. అక్షరాలు వంకర పోయాయి. అయినా కొట్టేయకుండా రాసింది.

"ఇవన్నీ నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. ఆమె ఐదింటికి లేస్తే నేను ఏడింటిదాకా పడుకోవచ్చు."