గోడకెక్కిన బొంత

“కప్పుకునే బొంతను గోడకు మొలలు కొట్టి ఏలాడదీస్తరారా ఎవరన్న?” పొయ్యి దగ్గర నుంచే అరిచింది పెంటమ్మ. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో ఇదే గొడవ.

“అది తీస్తే గదిల గొంతు మోగుతదమ్మా. రికార్డింగ్ పనికిరాదు,” అన్నాడు జగన్, మేడమెట్ల మీద నిలబడి.

“పెండ్లి చుట్టాలొస్తుండ్రు. వాళ్ళకు ఏం కప్పాలె? నీ రికార్డింగులా?”

“కిరాయికి రగ్గులు తెస్త తియ్యి.”

“అన్న కంపెనీ పేరే బొంత రికార్డ్స్. నువ్వు బొంత గుంజుకుంటే కంపెనీ మూతపడ్తదమ్మా!” అని కూతురు రమ్య పకపకా నవ్వింది. పెంటమ్మకూ నవ్వొచ్చింది కానీ పైకి కనపడనివ్వలేదు.

దిల్‌సుఖ్‌నగర్ వెనక గల్లీలో, ఆ ఇంటి మేడమీది గదే జగన్ కంపెనీ. తండ్రి అంతయ్య ఆటోకు స్పీకర్ పెట్టె బిగించడంతో మొదలైంది వాడి పని. ఇంజనీరింగ్ సగంలో వదిలేశాడు. మూసారాంబాగ్ కుర్రాళ్ళు ర్యాప్ పాడుకుంటుంటే వాళ్ళకు దరువులు కట్టిచ్చాడు. బజారు చప్పుళ్ళు, బస్సు హారన్లు, ఎవరివో పాత గొంతులు, దొరికిన ముక్కనల్లా కోసి, అతికి కొత్త పాట చెయ్యడం వాడి విద్య. వాళ్ళ పాటలు ఎవరూ విడుదల చెయ్యకపోతే తనే కంపెనీ పెట్టాడు. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. ఈ మధ్యే ఒక పాట కాలేజీ పిల్లల ఫోన్లలోకి ఎక్కింది. ముంబయి కంపెనీ ఒకటి ఆ పాటనూ, దాంతోపాటు బొంత రికార్డ్స్‌నూ చేపడతానంది. సోమవారం సంతకాలు. ఆ పాట మాత్రం తల్లికి వినిపించలేదు వాడు. “పెండ్లిల వింటువులే” అంటూ దాచాడు.

పెళ్ళి అంతయ్య తమ్ముడి కూతురు జ్యోతిది. ఎల్బీనగర్‌లో ఫంక్షన్ హాలు. శనివారం సాయంత్రం మగపెళ్ళివారి బరాత్ గేటు దాకా వచ్చేసరికి పెంటమ్మ హారతి పళ్ళెం పట్టుకుని ఎదురు నిలబడింది. డీజే బండి గుండెలు అదిరేలా మోగుతోంది. ఆడపెళ్ళివారమన్న సంగతి కూడా మరిచి అంతయ్య తువ్వాల తలకు చుట్టి గుంపులో దూకాడు.

పాట మారింది. శ్రీకర్ గొంతు వినపడింది. జగన్ జట్టులో ర్యాప్ పాడే కోస్తా పిల్లవాడు, పెంటమ్మకు తెలిసినవాడే. గబగబా ఏదో చెప్పి ఆగాడు. అక్కడ ఒక ఆడపిల్ల సన్నటి గొంతు అందుకుంది.

“జాడిల తొక్కు జాడిలనే ఉన్నదే అవ్వా...”

దరువు పడింది. “అవ్వా!” అని గుంపు అరిచింది.

ఎవరిదో పాపం ఏడుపు, పెళ్ళిలో ఇదేం పాట అనుకుంది పెంటమ్మ.

“మూత దీసెటోళ్ళు లేకపాయెనే అవ్వా...”

“అవ్వా!” అన్నారందరూ చేతులు పైకెత్తి.

పెంటమ్మకు ఆ మాట తెలుసు. ఆ తొక్కు తన తల్లి పెట్టిన నిమ్మకాయ పచ్చడి. ఆ మాట నకిరేకల్ దగ్గరి పుట్టింట్లో, తల్లి శవం మీద పడి ‘అవ్వా’ అని తను పెట్టిన శోకం. తల్లికి చెప్పుకున్న ఆఖరు మాట. దాన్ని మళ్ళీ ఎవరూ అనరు. పెళ్ళింట్లో అయితే తలుచుకోను కూడా తలుచుకోరు.

శ్రీకర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. “గుర్తుపట్టారా ఆంటీ? మీ గొంతే! జగన్ కొంచెం సన్నం చేశాడంతే. చూడండి, ఎలా ఎగురుతున్నారో!”

ఎగిరేవాళ్ళ మధ్యలో అంతయ్య ఉన్నాడు. ఆ రోజు పాడె మోసినవాడు. “అవ్వా!” అని అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు.

“అక్కా, హారతి!” అంది తోటికోడలు.

“నువ్వియ్యవే. నా చేత గాదు,” అని పళ్ళెం ఆమె చేతిలో పెట్టింది. కర్పూరం ఎప్పుడు ఆరిపోయిందో చూసుకోలేదు.

జగన్ చెమటలతో, నవ్వుతూ వచ్చాడు. “ఎట్లుందమ్మా?” తల్లి మొహం చూశాక ఆ నవ్వు ఎటూ కాకుండా ఆగిపోయింది.

“పీనుగ ముంగట ఫోన్ పట్టినవా?”

“జేబుల ఉండెనమ్మా. నువ్వు... అంత మంచిగ ఏడుస్తుంటే...”

పెంటమ్మకు వాణ్ణి కొట్టాలని కూడా తోచలేదు.

ఆదివారం పొద్దున చాయ్ గ్లాసులు అందరి ముందూ చల్లారిపోతున్నాయి. విషయం తెలిసిన దగ్గర్నుంచి అంతయ్య తల ఎత్తడం లేదు. జగనే నోరు విప్పాడు.

“నీ బొంత లెక్కనే అనుకున్ననమ్మా. నువ్వు అమ్మమ్మ చీరల ముక్కలు అతికినవ్. నేను నీ గొంతు అతికిన. పెండ్లిల అందరు వింటే నువ్వు సంబురపడ్తవనుకున్న.”

“చీరలకు కత్తెర పెట్టకముందు అక్కచెల్లెండ్లను కూసోబెట్టి అడిగినరా నేను. పోయిన తల్లి చీర అందరి బిడ్డలది. చిన్నది పసుపు చీర ఇయ్యనన్నది. నేను ముట్టలే. బొంతల పసుపు ముక్క యాడన్న కనపడ్డదా నీకు?”

జగన్ అది ఎప్పుడూ చూసుకోలేదు. ఇన్నాళ్ళూ ఆ బొంతకు ఎదురుగా కూర్చునే పనిచేశాడు.

పెంటమ్మ లేచి మేడమీదికి వెళ్ళింది. మొలలు పీకుతున్న చప్పుడు కిందికి వినిపించింది. దిగి వచ్చి, బొంతను మోకాళ్ళ మీద పరుచుకుని, మొలలు చేసిన చిల్లుల్ని వేలితో తడిమి, మడిచి సంచిలో పెట్టింది. అప్పుడు చెప్పింది, రోజూ కూర ఏం వండాలో చెప్పినంత నెమ్మదిగా.

“మధ్యాహ్నం బస్సుకు ఊరికి పోతున్న. జగన్, నువ్వు గూడ. అక్కచెల్లెండ్ల ముంగట కూసొని ఆ పాట వినిపియ్యి, నువ్వే అడుగు. ఒక్కరు వద్దన్నా అది యాడా మోగొద్దు. సంతకాలు లేకున్నా సరే. నా మాట అక్కణ్ణే చెప్త, అందరికన్న ఆఖరుకు.”