ఎల్లమ్మకు కట్టిన ముడుపు

కంప్యూటర్ల గది ముందు విడిచిన చెప్పులను రుద్రమ్మ జతలుగా గోడవారకు జరుపుతోంది. అమీర్‌పేటలో ఆ ఏడు ఏ మేడెక్కినా జావా కోర్సు నేర్పే కంప్యూటర్ సెంటరే. రుద్రమ్మ పొట్టి మనిషి. చీపురు పట్టీ పట్టీ కుడి భుజం కిందికి వాలిపోయింది. ఈరోజు ఎడమచేయి మాత్రం మాటిమాటికీ బొడ్డు దగ్గరికి పోతోంది. అక్కడ చీరలో దోపుకున్న కాగితం ఉంది, ఆమె వేలిముద్ర పడాల్సిన కాగితం.

కూతురు అనుపమ సర్కారు బడిలో ఐదో తరగతి పూర్తి చేసింది. తెలివైన పిల్లలను పరీక్ష పెట్టి ఏరి, అక్కడే ఉంచి చదివించే గురుకులంలో సీటొచ్చింది; పంపడానికి ఒప్పుకుంటూ తల్లి ఆ కాగితం మీద వేలిముద్ర వేయాలి. నల్గొండ అవతల ఎక్కడో. నెలకొక్క ఆదివారమే తల్లులను రానిస్తారట. బస్సు ఈ మధ్యాహ్నమే.

పొద్దున నల్లా దగ్గర పక్కింటి వజ్రమ్మ అననే అంది: "పదేండ్ల పోరిని గంత దూరం తోలుతవా? నువ్వు తల్లివేనా?"

ఆరేళ్ల కింద మగ్గం పనికని భర్త రాజనర్సయ్య బొంబాయి దగ్గరి భివండికి బస్సెక్కాడు. రెండు ఉత్తరాలొచ్చాయి. మూడోది రాలేదు. అప్పటినుంచి బస్సు హారన్ వింటే రుద్రమ్మ చెవులు మూసుకుంటుంది. అందుకే పరీక్ష ముందురోజు బల్కంపేట ఎల్లమ్మకు మొక్కుకుని, రూపాయి బిళ్లను పసుపు గుడ్డలో ముడుపు కట్టింది, పిల్లకు సీటు రావద్దని. దేనికని పిల్ల అడిగితే "నీ పరీచ్చకే బిడ్డా" అంది.

అమ్మవారు వినలేదా? లేక విని, కన్నబిడ్డకే చెడు కోరిందని కోపం పట్టిందా? ఆ కోపం అంత దూరాన జ్వరమై పిల్ల మీద పడితే?

"ఏంటి రుద్రమ్మా, ఆ మొహం?" సెంటర్ యజమాని కామరాజు గారు బయటికొచ్చారు. "మావాణ్ణీ ఆ పరీక్ష రాయిద్దామంటే సర్కారు బడి పిల్లలకేనన్నారు. సీటొచ్చినదానివి నువ్వేడిస్తే ఎలా?"

"మీ బాబు ఇంట్లనే ఉంటడు గద సార్."

ఆయన తిరిగి లోపలికి వెళ్లారు.

పన్నెండింటికి అనుపమను వెంటబెట్టుకుని ఆమె బడి టీచర్ అరుణాదేవి మెట్లెక్కి వచ్చింది. పిల్ల చేతిలో రేకుపెట్టె.

"కాగితం ఏదమ్మా? టైమవుతోంది."

"జర ఆగుండ్రి టీచరమ్మా. వచ్చే ఏడు తోలుత."

"వచ్చే ఏడు తీసుకోరు. ఈ ఏడు ఐదు అయినవాళ్లకే."

"మా అమ్మ ముడుపు సుత గట్టింది టీచర్, నేను పాస్ గావాల్నని," అంది అనుపమ గర్వంగా. "లెక్క రాకుంటే గా ముడుపే యాది చేసుకున్న. గందుకే వచ్చింది."

రుద్రమ్మ బొడ్డు దగ్గరి కాగితం బయటికి తీసింది. కామరాజు గారి బల్ల మీది సిరా పెట్టెలో బొటనవేలు అద్దింది. మొదటి ముద్ర అలికిపోయింది. పక్కన రెండోది వేసింది.

పంజాగుట్టలో బస్సు కదిలేటప్పుడు అనుపమ కిటికీలోంచి తల బయటపెట్టింది. "అమ్మా, ఒక్కదానివే పోయి మొక్కు తీర్చకు! సెలవులకు నేనొచ్చినంక ఇద్దరం పోదాం."

"అట్లనే బిడ్డా. తల లోపల వెట్టుకో."

బస్సు వెళ్లిపోయింది. మూడింటి బ్యాచ్ చెప్పులు సర్ది, నేలంతా తడిగుడ్డ పెట్టి, దీపాల వేళకు ఇల్లు చేరి చేతులు కడుక్కుంది; బొటనవేలి సిరా పూర్తిగా పోలేదు. ఎల్లమ్మ పటం కింద మేకుకు ముడుపు అలాగే వేలాడుతోంది. తీరని కోరికకు కట్టిన ముడుపు. విప్పేద్దామని చేయి చాచింది. ముడి దాకా వెళ్లిన వేళ్లు ఆగాయి. ఈసారి బిడ్డ చల్లగా ఉండి తిరిగి రావాలని ఆ ముడి మీదే ఇంకో ముడి గట్టిగా బిగించి, కళ్లు మూసుకుంది.

చేయి తీశాక, పసుపు గుడ్డ మీద తడి బొటనవేలి సిరా గుర్తు నీలంగా మిగిలింది.