సానవాడి వంతు

సానవాడిని పోలీసు స్టేషన్ వెనక గుమ్మంలోంచి బయటికి మోసుకొచ్చారు. మా వీధిలో కత్తులకీ కత్తెరలకీ పదును పెట్టే మనిషి. "గుండె ఆగింది," అన్నాడు కానిస్టేబుల్. అరికాళ్ళు కమిలి నల్లగా ఉన్నాయి. తోపుడుబళ్ళ వాళ్ళం అందరం చూశాం.

ముందురోజు తనంతట తానే నడిచి వెళ్ళాడు. నెలనెలా స్టేషన్‌వాళ్ళు ఇన్ని కేసులని పైవాళ్ళకి లెక్క చూపించాలి. దొరక్కపోతే ఎస్సై మా బళ్ళు తిరగేసేవాడు. అందుకని మేమే ఒక ఏర్పాటు చేసుకున్నాం. వంతులవారీగా ఒకడు వెళ్ళి, తాగి గొడవ చేశానని ఒప్పుకొని, ఒక రాత్రి లోపల పడుకొని వస్తాడు. అన్యాయాన్ని సమంగా పంచుకున్నాం కనుక అది న్యాయంలా కనిపించేది. మా తెలివికి మేమే మురిసిపోయేవాళ్ళం.

"అత్తారింటికి పోయొస్తా, బండి చూస్తుండండ్రా," అని నవ్వుతూ వెళ్ళాడు సానవాడు. ఈసారి ఎస్సైకి తాగుబోతు సరిపోలేదు. ఎవరో పెద్దవాళ్ళింటి దొంగతనానికి దొంగ కావలసి వచ్చాడు.

అంత్యక్రియలు అయిపోయాక ఇస్త్రీబండి దగ్గర చేరాం. కానిస్టేబుల్ వచ్చాడు.

"వాడి కేసు లెక్కలోకి రాలేదు. తర్వాతి వంతు ఎవరిదో పంపండి. ఏం కాకుండా నేను చూసుకుంటా."

"మొన్న కూడా నువ్వే చూసుకున్నావుగా బాబూ," అంది పళ్ళమ్మే అవ్వ.

"పంపకపోతే బళ్ళుండవు."

"పంపేద్దాంరా," గొణిగాడు ఇస్త్రీ అతను. "పిల్లలున్నవాళ్ళం."

"ఆయనకి లేరా అన్నా?" అంది బండి పక్కన కూర్చున్న సానవాడి భార్య. "ఎవర్నీ పంపొద్దు. నేనెళ్తా. ఒప్పుకోడానికి కాదు. చంపినోడి మీద కేసు రాయమంటా."

లేచి నడిచింది. వెనక మేమూ నడిచాం.

స్టేషన్ గుమ్మంలో ఎస్సై నవ్వాడు. "అందర్నీ లోపలేస్తా. ముందెవరు?"

ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. అలవాటు ఎంత లోతుకి దిగిందో అప్పుడు తెలిసింది. ప్రతివాడి కళ్ళూ వంతు ఎవరిదని వెతుకుతున్నాయి. ఆ కాసేపట్లో సానవాడు మళ్ళీ ఒంటరిగా లోపలికి వెళ్ళినట్టనిపించింది. ఇస్త్రీ అతను నా చెయ్యి పట్టుకున్నాడు. నేను అవ్వ చెయ్యి పట్టుకున్నాను.

"ముందూ వెనకా లేదు. అందరం!" అని అరిచాం.

లాకప్‌లో ఊపిరాడలేదు. సానవాడి భార్య ఊచల్లోంచి కానిస్టేబుల్‌ని అడిగింది. "ఆయన ఎక్కడ పడుకున్నాడు బాబూ?"

అతను తలెత్తలేదు. వేలితో గోడవార చూపించాడు.

ఒకరి మీద ఒకరం ఒరిగి జరిగాం. మనిషి పట్టేంత నేల ఖాళీ అయింది. ఆమె అక్కడ కూర్చోలేదు. అరచెయ్యి ఆనించి చూసింది.

"చల్లగా ఉంది," అంది. "దుప్పటైనా ఇవ్వలేదు."

అప్పుడు ఏడ్చింది. బయట సంగతి విని వచ్చిన మార్కెట్ హమాలీలు గేటు తోస్తున్నారు, తమనీ లోపలెయ్యమని.