మైదానంలో కొండ ఎలుక

“ఈ ఎలుక పుర్రెను ఈ పళ్ళెంలో ఎవరు కలిపారు?” మ్యూజియం డైరెక్టర్ జోర్కా గారు మూడోసారి అడిగారు.

మ్యూజియంలో పనిచేసే తియానా ముందు, తప్పు తనదేనని ఒప్పుకునే కాగితం సిద్ధంగా ఉంది. సంతకం పెడితే ఆ పిల్ల ఉద్యోగం పోయినట్టే. నా భర్త రాదోవాన్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. ఇంట్లో మిగిలిన పళ్ళేలు తెచ్చివ్వమంటే వచ్చిన నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను.

రాళ్ళ కొండల్లో తప్ప బతకని ఎలుక మా బానాత్ మైదానంలో ఉందని రాదోవాన్ పుస్తకంలో అచ్చయింది. చదివినవాళ్ళు నవ్వుతున్నారు.

ఎలా జరిగిందో నాకు తెలుసు. గుడ్లగూబలు ఎలుకల్ని మింగి, అరగని ఎముకల్నీ వెంట్రుకల్నీ ఉండలుగా కక్కేస్తాయి. ఎనిమిదేళ్ళుగా ఆ ఉండల సంచులు మా వంటింటికే వచ్చాయి. నానబెట్టి, పిండి జల్లెడలో కడిగి, పళ్ళ మీది వంకీలు చూసి ఏ ఎలుకో రాసింది నేను. తయారైన పళ్ళేల్ని బీరువాలో సర్దడమే తియానా పని. “దేసాంకకి అదో కాలక్షేపం,” అనేవాడు రాదోవాన్. పుస్తకంలో నాకు కృతజ్ఞతలు కూడా చెప్పాడు, మంచి కాఫీ ఇచ్చినందుకు.

ఆ పుర్రె కలిసిపోయిన ఆదివారం మా అత్తగారు సూపు గిన్నె పట్టుకుని వచ్చింది. “ఏమే, ఆ గుడ్లగూబ వాంతి తీస్తావా, ఈ సూపు నీ నెత్తిన దించమంటావా?” కంగారుగా కొండల ఎలుకలదీ, మైదానం ఎలుకలదీ రెండు పళ్ళేలూ ఒకేసారి ఎత్తాను. కొండ పళ్ళెం ఒరిగింది. ఏదో దొర్లినట్టు చప్పుడైంది. ఆగి చూడలేదు. సూపు చల్లారిపోతుందని.

నిన్న రాదోవాన్‌తో చెప్పేశాను. “నోర్మూసుకో. నువ్వు కలిపావంటే, ఆ పనంతా నువ్వు చేశావని ఒప్పుకోవాలి. నా పరువేం కాను? తియానా చిన్నపిల్ల, ఇంకోచోట దొరుకుతుందిలే.” నేను తలూపాను. రాత్రంతా ఆ తలూపడమే గుర్తొచ్చి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను.

“సర్దేటప్పుడు నేనే కలిపానేమో మేడమ్, గుర్తు లేదు,” అంటూ తియానా పెన్ను అందుకుంది.

“దేసాంకా, నువ్వెళ్ళి అందరికీ కాఫీ పట్రా,” అన్నాడు రాదోవాన్, నా వైపు తిరక్కుండానే.

ముఖం భగ్గుమంది. కాళ్ళు మాత్రం కదల్లేదు.

“ఆ పుర్రె కలిపింది నేను. మిగతా నాలుగు వేల పుర్రెలకీ పేర్లు రాసింది కూడా నేనే.”