ఎడమ డోరు మీద మబ్బు

మా ఇంట్లో ప్లగ్గు ఉంది. కారు ఆగే చోట లేదు.

మేముండేది మూడో అంతస్తు. మేము అని అలవాటు కొద్దీ రాశాను, ఉండేది నేనొక్కణ్ణే. కారు కింద, మెట్ల పక్కన రేకుల పంచలో ఉంటుంది. పైనుంచి వైరు లాగుదామంటే ఇంటావిడ ఒప్పుకోదు. ఎప్పుడో ఎవరో లాగిన వైరు కాలికి తగిలి ఆవిడ నాలుగు మెట్లు జారింది. ఆనాటి నుంచి వైరు కనబడితే పాము కనబడ్డట్టు చూస్తుంది. అందుకని నా బఫింగ్ మిషను పాత దుప్పటి కప్పుకుని మంచం కింద పడుకుంది. నేను చేత్తో పాలిష్ పడతాను.

కారు నాది కాదు, రెండో అంతస్తులో ఉండే మందుల షాపాయనది. ముదురాకుపచ్చ రంగు. వాళ్ళ నాన్న నడిపిన బండి, అమ్మబుద్ధి కాక ఉంచుకున్నాడు. రంగంతా మాసి, బానెట్ మీద సున్నం నీళ్ళు చల్లినట్టుండేది.

"పెద్దాయనా, మీరు చేస్తే సరే, లేకపోతే అలాగే ఉండనీ. ఇంకొకడి చేతికివ్వను" అన్నాడు.

ఊఁ అన్నాను.

ముప్పైఎనిమిదేళ్ళు పెయింటు షెడ్డులో పాలిష్ పని చేశాను. అక్కడ నా పేరు బెల్లం కొట్టిన రాయి. ఓనరు పిలిచినా ఆ పేరే, టీ తెచ్చేవాడు పిలిచినా ఆ పేరే. నాకేం కోపం రాలేదు. రాయికి కోపమేమిటి.

షెడ్డుకు సెలవున్న రోజుల్లో జనం ఇళ్ళకు పోయి పని చేసేవాణ్ణి. బండ్లన్నీ వీధిలో నిలబెట్టి ఉండేవి. వీధిలో ప్లగ్గు ఎవరు పెడతారు? చేత్తోనే. అప్పుడు మా ఆవిడ నా వెంట వచ్చేది. ఒక చిన్న స్టూలు తెచ్చుకుని, బండికి ఏటవాలుగా కూర్చుని చూస్తూ ఉండేది. రుద్దేవాడికి తన చేతి కింద ఏముందో కనబడదు. ఎదురుగా చూస్తే అంతా మెరుస్తున్నట్టే ఉంటుంది, పక్కనుంచి చూసేవాళ్ళకే తెలుస్తుంది ఎక్కడ మసక మిగిలిందో. దాన్ని ఆవిడ మబ్బు అనేది. "కుడిపక్కన మబ్బుంది", "ఇంకొంచెం కింద", "ఆఁ, విడింది" అనేది. ఆ మూడు మాటల మధ్యలో ముప్పై కబుర్లు చెప్పేది. ఆవిడకు నేను జవాబు చెప్పే అవసరం ఎప్పుడూ పడలేదు. చెయ్యి ఆడుతూ ఉంటే చాలు, వింటున్నానని ఆవిడకు తెలుసు.

అమ్మాయికి రెండో కాన్పయ్యాక ఆరు నెలలుండి వస్తానని వెళ్ళింది. బస్సులో తొమ్మిది గంటల దూరం. అమ్మాయి ఆస్పత్రిలో నర్సు, డ్యూటీలకు పగలూ రాత్రీ లేదు. అల్లుడు లారీ మీద ఉంటాడు. ఆరు నెలలయ్యాక, ఇంకో ఆరు నెలలు ఉండనా అని అడిగింది. సరే అన్నాను. అవీ అయ్యాయి. ఆ పైన రెండు నెలలు కూడా అయ్యాయి. ప్రతి ఆదివారం సాయంత్రం ఫోను చేస్తుంది. తిన్నారా అంటుంది, తిన్నాను అంటాను. ఒంట్లో ఎలా ఉంది అంటుంది, బాగానే ఉంది అంటాను. తరవాత ఆవిడ మాట్లాడుతుంది, నేను వింటాను. పిల్ల ఏడిస్తే పెట్టేస్తుంది. ఆదివారం నుంచి ఆదివారం దాకా ఆ ఫోనుని రోజూ తుడిచిపెడతాను.

నిజానికి ఇంట్లో ఏ లోటూ లేదు. వండుకోవడం వచ్చు, ఉతుక్కోవడం వచ్చు. ఆవిడ దువ్వెన అద్దం పక్కన అలాగే ఉంది. తీసి ఎక్కడ పెట్టాలో తెలియక అక్కడే ఉంచాను. అంతే.

మంగళవారం పొద్దున కారు కడిగి ఎడమ డోరుతో పని మొదలుపెట్టాను. పాత బనియను గుడ్డ నాలుగు మడతలేసి, బఠాణీ గింజంత కాంపౌండు, అదే రుద్దుడు పేస్టు, పెట్టి, జానెడు చోటు తీసుకుని నిలువుగా రుద్దాలి. ఆరకముందే నీటి చుక్క చల్లి, పొడిగుడ్డతో తుడవాలి. మళ్ళీ పక్క జానెడు. మిషనుతో గంటలో అయిపోయే డోరు చేత్తో రోజంతా పడుతుంది. అది నాకు కష్టం కాదు. కష్టమల్లా చూపు. కుడి కంటికి పొర వచ్చింది. మెట్ల కింద వెలుతురు తక్కువ. డోరు మీద ఉన్నది మబ్బో, నా కంట్లో ఉన్నది మబ్బో తెలియలేదు.

బొమ్మ కనబడేలా ఫోను ఎలా చెయ్యాలో అమ్మాయి ఒకసారి నేర్పింది. కాంపౌండు డబ్బాకు ఫోను ఆనించి చేశాను.

మా ఆవిడ మొహం కనబడింది. కంగారుగా ఉంది.

"ఏమైందండీ? ఇవాళ మంగళవారం కదా. పడ్డారా?"

"పడలేదు."

"మరేంటి? గుండెల్లో నొప్పా?"

"డోరు" అన్నాను.

"ఏ డోరు?"

ఫోను తిప్పి చూపించాను. వెళ్ళి కళ్ళద్దాలు తెచ్చుకుంది. "ఫోను కాస్త కిందకి పెట్టండి. అలా కాదు, ఏటవాలుగా. ఆఁ. హ్యాండిలు కింద మబ్బుంది" అంది.

హ్యాండిలు కింద రుద్దాను.

ఆవేళ గంటన్నర మాట్లాడింది. పిల్లకు ముందు పన్ను వచ్చిందట, చెంచా కొరికి వదలదట. పక్కింటావిడ చక్కెర అడగడానికి వచ్చి రెండు గంటలు కూర్చుని, చక్కెర మర్చిపోయి వెళ్ళిందట. పైవాటా ఆయన గురకకు వీళ్ళ గిన్నెలు మోగుతాయట. మధ్యమధ్యలో కుడి, ఎడమ, విడింది. ఛార్జింగు అయిపోయి ఫోను ఆరిపోతే నేనూ గుడ్డ పిండేశాను. ఆ పంచలో ప్లగ్గు లేదు కదా.

బుధవారం ఫోను నిండా ఛార్జింగు పెట్టుకుని దిగాను. గురువారం కూడా.

గురువారం పదకొండింటికే ఆవిడ అనేసింది. "అయిపోయిందండీ డోరు. అద్దంలా ఉంది. మీరు వంగితే మీ బట్టతల కనబడుతోంది."

"లేదు, ఈ మడత దగ్గర ఇంకా ఉంది" అన్నాను.

డోరు మధ్యలో ముందు నుంచి వెనక దాకా రేకు ఒక మడత తేలి ఉంటుంది. దాన్నే అంచు అంటాం.

"నాకేం కనబడలేదే" అంది.

"ఉంది. నువ్వు చెప్పు, పక్కింటావిడ మళ్ళీ వచ్చిందా?"

నా నోటి నుంచి ప్రశ్న రావడం ఆవిడకు కొత్త. ముందు బిత్తరపోయి, తరవాత పుంజుకుంది. పక్కింటావిడ వచ్చిందట. ఈసారి చక్కెర పట్టుకెళ్ళి, గిన్నె మర్చిపోయిందట. నేను వింటూ రుద్దాను. ఆవిడ గొంతు ఫోనులోంచే వస్తున్నా, నా పక్కన స్టూలు మీద కూర్చుని చెబుతున్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూడకుండా ఉంటే చాలు, అలాగే ఉంది. గుడ్డకు ఆకుపచ్చ అంటుకుంటోంది. పాత రంగులకు అది మామూలే కాబట్టి పట్టించుకోలేదు.

"ఏమండీ, మడత మీద ఏంటది, తెల్లగా?"

చెయ్యి తీశాను. వేలెడు పొడవున రంగు పోయి, అడుగున పూసే బూడిదరంగు ప్రైమరు బయటపడింది.

అంచు మీద రంగు పలచగా ఉంటుంది, అక్కడ చెయ్యి నిలపకూడదు. ఈ పనిలో చేరినవాడికి మొదటిరోజే చెప్పే మాట అది. ఎంతమందికి చెప్పానో లెక్కలేదు. వినకపోతే వేళ్ళ మీద కొట్టాను కూడా.

"మబ్బేనా?" అంది.

"కాదు. రంగు పోయింది."

"ఎన్నేళ్ళ చెయ్యండీ అది. ఎలా పోయింది?"

"రుద్దితే పోయింది."

"అయిపోయిందని గంట కిందటే చెప్పాను కదా. మరెందుకు రుద్దారు?"

గుడ్డ మడత పెట్టాను. మళ్ళీ విప్పాను. ఆవిడ ఆగి చూస్తోంది.

"ఆపితే నువ్వు ఫోను పెట్టేస్తావు" అన్నాను.

ఆవిడ మాట్లాడలేదు. పెళ్ళైన ఇన్నేళ్ళలో ఆవిడ అంతసేపు మాట్లాడకుండా ఉండగా నేను చూడలేదు. ఫోను ఆగిపోయిందేమో అనుకుని దగ్గరకు తీసుకున్నాను. ఆగలేదు. కళ్ళద్దాలు తీసి చీరకొంగుతో తుడుస్తోంది.

"ఇంకో ఆరు నెలలుంటానంటే సరే అన్నారు" అంది చివరికి.

"అన్నాను."

"ఎందుకన్నారు?"

"అమ్మాయికి కష్టం కదా."

"అమ్మాయి కష్టం నాకు తెలియదా? అది కాదు నేనడిగింది. మిమ్మల్ని అడిగాను. ఒక్కసారైనా వద్దంటారేమోనని చూశాను. నేను లేకపోతే ఈ మనిషికి ప్రాణం హాయిగా ఉంది కాబోలు అనుకున్నాను."

"లేదు."

"ఏం లేదు?"

"హాయిగా లేదు."

అప్పుడే మందుల షాపాయన భోజనానికి వచ్చాడు. చేతిలో తాళాలు ఆడిస్తూ పంచలోకి తొంగి చూశాడు. డోరు చూసి మొహం విప్పారింది. నేను వేలు పెట్టి అంచు చూపించాను.

"చెడగొట్టాను. తప్పు నాదే. రంగు కలిపి మళ్ళీ వేస్తాను."

ఆయన గొంతుక్కూర్చుని చూశాడు. "ఇదా? మీరు చూపించకపోతే నాకు కనబడేది కాదు. అయినా మీ చెయ్యి కూడా తప్పుతుందా?"

"ఆయన తప్పు కాదండీ" అంది డబ్బా దగ్గరి ఫోను. "నేనే వాగుతూ కూర్చున్నాను."

ఆయన ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు. తరవాత ఫోనులోకి చూసి నవ్వాడు. "అమ్మగారా, మీరా? తొందరగా వచ్చెయ్యండమ్మా. ఈయనతో ఏడాదిగా మాట్లాడి మాట్లాడి నా గొంతు అరిగింది. పది మాటలంటే ఒక ఊఁ వస్తుంది."

"మీకు ఊఁ వస్తోందా? అదృష్టవంతులు" అంది ఆవిడ. పిల్ల లేచిందని పెట్టేసింది. పిల్ల ఏడుపు నాకు వినబడలేదు.

మధ్యాహ్నం కాంపౌండు ముట్టలేదు. పైకి పోయి, షెడ్డు మానేసినప్పుడు తెచ్చుకున్న రంగు డబ్బాలు తీశాను. ఆకుపచ్చలో చుక్క నలుపు, చుక్క పసుపు వేసి అట్టముక్క మీద రాసి కిటికీలో పెట్టాను. ఆరితే గాని అసలు రంగు తెలియదు. మూడుసార్లు కలిపాను, మూడుసార్లూ తేడా వచ్చింది. ఒక్క మాటను ఇన్ని నెలలు కడుపులో దాచుకున్నవాణ్ణి, దాన్ని అమ్మాయి నెత్తిన ఎలా పడేశానా అనుకున్నాను. పసిపిల్లను డ్యూటీకి వెంటబెట్టుకుపోతుందా అది? సాయంత్రం ఫోను చేసి, ఊరికే అన్నాను, ఉండమని చెబుదామని కూడా అనుకున్నాను. రెండుసార్లు ఫోను తీసి పెట్టేశాను.

ఆరింటికి అమ్మాయే చేసింది.

"నాన్నా, అమ్మని రమ్మన్నావట."

"రమ్మనలేదు."

"మరి?"

"బాగాలేదన్నాను."

"నువ్వేనా? నీ నోటితోనేనా?"

"ఊఁ."

అమ్మాయి గట్టిగా ఊపిరి వదిలింది. "అమ్మ మధ్యాహ్నం నుంచి గిన్నెలు తోమినవే తోముతోంది. నాకు ముందే చెప్పొచ్చు కదా నాన్నా."

"నీకు ఇబ్బంది."

"ఇబ్బందే. పిల్లని చూసే మనిషి దొరకాలి. మా ఆస్పత్రిలో ఒకావిడ ఉంది, నెలాఖరు దాకా ఖాళీ లేదంటోంది. నెలాఖరు దాకా ఆగుతావా?"

ఇంకా పద్దెనిమిది రోజులు. కిటికీలో అట్టముక్కలు ఆరుతున్నాయి.

"కష్టమమ్మా" అన్నాను. "ఆగుతాను. కానీ కష్టం."

అవతల ఎవరో పంపు కట్టేశారు. "ఏమన్నారు?" అని మా ఆవిడ గొంతు వినబడింది.

"కష్టమంటున్నాడు."

"ఆయనేనా?"

"ఆయనే."

ఫోను చేతులు మారిన చప్పుడైంది. ఆవిడ ఊపిరి వినబడుతోంది. ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టెయ్యలేదు.